ముక్కు ఎటువైపు

మోప్కా, బిలాస్‌పూర్
6 అక్టోబర్ 2024

శంకరం మావయ్యకి,

భాను నమస్కారాలు. నువ్వూ, చిన్నమ్మి అత్తా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఆదివారం అమ్మ నీకు ఫోన్ చేసి పావుగంట అరిచింది. "అన్నయ్యా, బీపీ మాత్తర్లు ఏసుకుంటన్నావేటి?" అని తను అడిగితే "ఇక్కడా వానలే" అన్నావట నువ్వు. ఆ అరుపులకి పక్కింటావిడ వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని అడిగి వెళ్ళింది. అందుకని నేను ఉత్తరమే రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ళు రైల్వే యార్డుల్లో వ్యాగన్లు గుద్దుకునే చప్పుడు విన్న చెవులతో ఫోన్లో కుస్తీ పట్టడం నా వల్ల కాదు.

పైగా నాకు తెలుగు రాయడం వచ్చిందే నీ వల్ల. నువ్వు పలాస బదిలీ అయి వెళ్ళిపోయాక నెలకో ఉత్తరం నీకు రాస్తే గానీ అమ్మ నన్ను ఆటకి వదిలేది కాదు. ఇక్కడ నా తోటివాళ్ళకి తెలుగు కాగితం ఇస్తే ముగ్గు చూసినట్టు చూస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది అమ్మకీ నాన్నకీ తెలియదు, నువ్వు చెప్పకూడదు.

నేను చేసే కంపెనీ తెలుసు కదా, డ్రోన్లు ఎగరేసి చెరువులూ, రోడ్లూ, గనుల గట్లూ కొలిచే చిన్న కంపెనీ. ఏడాదిన్నరగా వాళ్ళు తెచ్చిన ఫొటోలు కంప్యూటర్లో అతికించి మ్యాపులు చేస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఎగరేసే మనిషి ఉద్యోగం ఖాళీ అయింది. పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే నీకే అన్నారు. సెప్టెంబర్‌లో పరీక్షకి వెళ్ళి తప్పాను. ఫిబ్రవరిలో ఇంకొక్కసారి రానిస్తారు. అప్పుడూ తప్పితే ఆ ఉద్యోగం రాజశ్రీకి వెళ్తుంది. రాజశ్రీ మంచి పిల్లే. కానీ మావయ్యా, నాకు ఎగరేయాలని ఉంది. చాలా ఉంది.

ఎందుకు తప్పానో చెప్తాను. డ్రోన్ అంటే నాలుగు మూలలా నాలుగు ఫ్యాన్లు, ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. దగ్గర్లో ఉంటే ముక్కు ఎటుందో తెలుస్తుంది. వంద మీటర్లు దాటిందంటే ఈగంత చుక్క. ముక్కు అవతలకి ఉన్నంతసేపూ నా ఎడమే దాని ఎడమ. నా మీదకి తిరిగిందంటే కుడి ఎడమలు తిరగబడతాయి. మామూలుగా ఉపగ్రహాల సాయంతో అది ఒకచోట నిలబడుతుంది గానీ, పరీక్షలో ఆ సాయం ఆపేస్తారు. చేతులు వదిలేస్తే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. నేను ఎడమకి తెద్దామని తోస్తే కుడికి పోయింది. కంగారులో ఇంకా తోశాను, ఇంకా పోయింది. పరీక్ష పెట్టే ఆయన నా చేతిలోంచి రిమోట్ లాక్కున్నాడు.

నువ్వు అర కిలోమీటరు అవతల ఉన్న ఇంజన్ని చేతి సైగలతో నడిపించేవాడివి కదా. అంత దూరంలో ఏది ముందో ఏది వెనకో నీకెలా తెలిసేది? నాన్న కూడా ఇంజన్ నడిపినవాడే గానీ, ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు. అందుకని నిన్నే అడుగుతున్నాను.

నీ మేనకోడలు,
భాను


పలాస
15 అక్టోబర్ 2024

చిరంజీవి భానుకి,

మావయ్య, అత్త దీవెనలు. మీ అమ్మ మందుల గురించి అడిగిందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. వేసుకుంటున్నానని చెప్పు. అబద్ధమే అనుకో, అయినా చెప్పు.

ఈగని ఎగరేసే ఉద్యోగం కోసం మా పిల్ల అన్నం మానేసేలా ఉందని మీ అత్తతో అన్నాను. తను అంది కదా, "దానికి రెక్కలొస్తే మీకేటి నొప్పి, అడిగింది చెప్పక?" అని. కాబట్టి చెప్తున్నాను.

యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ మార్పించే షంటింగ్ మాస్టర్‌కి ఇంజన్ ముక్కు ఎటుందో అక్కరలేదు. మా సైగలన్నీ మా లెక్కనే ఉంటాయి. పగలు చెయ్యి, చీకట్లోనో మంచులోనో ఆకుపచ్చ లాంతరు. అడ్డంగా ఊపితే 'నా వైపు రా'. పైకీ కిందికీ ఊపితే 'నాకు దూరంగా పో'. అంతే. ముందుకో వెనక్కో, కుడికో ఎడమకో అన్నది డ్రైవరు గోల. నేను ఎక్కడ నిల్చుంటే అదే లోకానికి నడిమధ్య. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది, కాదూ?

నీ డ్రోన్‌కి అలాంటి ఏర్పాటు ఏదైనా ఉందేమో కనుక్కో. ముక్కు గొడవ లేకుండా, లాగితే నీ వైపు రావాలి, తోస్తే దూరంగా పోవాలి. ఉంటే నీ సమస్య తీరినట్టే. మీ నాన్నని కదపకు. అవసరం లేదు.

పరీక్ష తప్పిన సంగతి నా కడుపులోనే ఉంటుంది. జీడిపప్పు పంపుతున్నాను. మీ అమ్మ డబ్బాలో దాచేలోపు నువ్వు తినేయి.

మావయ్య


మోప్కా
3 నవంబర్ 2024

మావయ్యకి,

నమస్కారాలు. జీడిపప్పు సగం దక్కింది. డ్రోన్ దక్కలేదు.

నువ్వు చెప్పిన ఏర్పాటు నిజంగానే ఉంది మావయ్యా! నేను ఇంట్లో విడిభాగాలు పెట్టి కట్టుకున్న చిన్న డ్రోన్‌కి ఒక మీట ఉంది. అది వేస్తే ముక్కు ఎటున్నా సరే, కర్ర వెనక్కి లాగితే నా దగ్గరికి వస్తుంది, తోస్తే దూరంగా పోతుంది. నాలుగు రోజులు మోప్కా చెరువు గట్టు మీద మహారాణిలా ఎగరేశాను. మా మావయ్య ఎంత తెలివైనవాడో అని గాలికి కూడా చెప్పాను.

ఐదో రోజు పొద్దున్న పడమటి గట్టు మీద నిల్చుని పైకి లేపాను. ఎదురుగా ఎండ కళ్ళలో పడుతోంది. ఏమీ కనబడటం లేదని, అది చెరువు మీద ఉండగానే నేను గట్టు చుట్టూ నడిచి తూర్పు వైపుకి వెళ్ళాను. అక్కడి నుంచి 'నా వైపు రా' అని లాగాను. అది దూరంగా పోయింది. గట్టిగా లాగాను, ఇంకా జోరుగా పోయింది. తుమ్మచెట్టుకి తగిలి నీళ్ళలో పడింది. అక్కడ గేదెల్ని కడుగుతున్న ఒకాయన "ఏ నోనీ, తోర్ చిరఈ పానీ మా బూడ్ గే!" అని కేక వేశాడు. ఓ పిల్లా, నీ పిట్ట నీళ్ళలో మునిగిపోయిందని. ఆయనే దిగి తీసిచ్చాడు, ఒక ఫ్యాన్ మాత్రం గేదె తొక్కేసింది.

ఇంటికి వచ్చి చదివితే అర్థమైంది. ఆ మీటకి నేనెవరో, ఎక్కడున్నానో తెలియదు. పైకి లేచేటప్పుడు ముక్కు ఎటుందో ఆ దిక్కు ఒక్కటే గుర్తు పెట్టుకుంటుంది. నేను ఇటు నుంచి అటు మారిపోయాను, దాని లెక్క మారలేదు. దాని దృష్టిలో నేనింకా పడమటి గట్టు మీదే ఉన్నాను. నవ్వొస్తోంది కదా? నాకూ వచ్చింది, ఏడ్చాక.

పైగా పరీక్షలో ఆ మీట వాడనివ్వరట. కాబట్టి మొదటికి వచ్చాను. ఇంకేదైనా చెప్పు.

భాను


పలాస
16 నవంబర్ 2024

చిరంజీవి భానుకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ అత్త ఏమిటని అడిగింది, ఏమీ లేదన్నాను.

నేను చెప్పింది తప్పు. సైగ ఇచ్చేవాడి బుద్ధి నీకు పనికిరాదు. వాడికి తను నిల్చున్న చోటు మీద నమ్మకం ఎక్కువ. నీకు కావలసింది ఇంజన్లో కూర్చున్నవాడి బుద్ధి. అది నా దగ్గర లేదు. మీ నాన్న దగ్గర ఉంది. కదపకు అని రాశాను గానీ, మీ నాన్ననే అడుగు. యార్డు మొత్తం మీద అతని చెయ్యి పడితే ఇంజన్ వ్యాగన్లని గుద్దినట్టుండేది కాదు, ఆనినట్టుండేది.

ఫ్యాన్ బాగుచేయించుకో. చలి మొదలైంది, చెరువు గట్టున ఎక్కువసేపు నిల్చోకు.

మావయ్య


మోప్కా
1 డిసెంబర్ 2024

మావయ్యకి,

నమస్కారాలు. ఏమిటంత చిన్న ఉత్తరం? నీ ఒంట్లో బాగానే ఉందా?

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు పరీక్ష తప్పానని ఇద్దరికీ చెప్పేశాను. అమ్మ "నాకు ముందే తెలుసు, నువ్వు రెండు నెల్లనుంచి అడక్కుండానే అంట్లు తోముతన్నావు" అంది. నాన్న నవ్వాడు. ఇదే అదను అనుకుని, నాన్నా, దూరంగా ఉన్న డ్రోన్లో నేను కూర్చున్నట్టు ఎలా నడపాలి, నువ్వు ఇంజన్ నడిపేవాడివి కదా అని అడిగాను. నాన్న నవ్వు ఆపేశాడు. "ఇంజన్ ఒగ్గేసి పంతొమ్మిదేళ్ళయ్యింది. నన్నడక్కు" అని పెరట్లోకి వెళ్ళి టమాటా మొక్కలకి నీళ్ళు పోశాడు. అరగంట క్రితమే నేను పోశాను వాటికి.

నేనూ పట్టు వదల్లేదు, అమ్మని అడిగాను. యార్డులో ప్రమాదం జరిగిందనీ, నాన్న సైగకి వ్యతిరేకంగా బండి తీసుకెళ్ళాడనీ, అందుకే ఇంజన్ మీంచి దించేసి రిటైరయ్యేదాకా షెడ్లో పని ఇచ్చారనీ చెప్పింది. ఆ రోజు సైగ ఇచ్చింది నువ్వేనట కదా. "మీ మావయ్య బావ తరఫున ఎంతో చెప్పేడు, పైవోలు ఇంటేనా? ఆ బాధకే ఈ ఊరొగ్గేసి పోనాడు" అంది అమ్మ. అప్పటికి నాకు ఆరేళ్ళు. ఇదంతా నాకు తెలియదు మావయ్యా.

నాన్న అంత మంచి డ్రైవరయితే సైగకి వ్యతిరేకంగా ఎందుకు వెళ్ళాడు? నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది. నాకు చెబితే, ఆ మాట పట్టుకుని నాన్నని కదపగలను. నాకు ఇంక రెండున్నర నెలలే ఉంది.

భాను


పలాస
14 డిసెంబర్ 2024

భానూ,

మీ నాన్న సైగకి వ్యతిరేకంగా వెళ్ళలేదు.

2005 జనవరి. పొద్దున్న ఆరున్నర. పదడుగుల దూరంలో దీపం తప్ప మనిషి కనబడని మంచు. నేను మూడు లైన్లు దాటి, వ్యాగన్ల మధ్యలోంచి దూరి, నాలుగో లైను పక్కకి వచ్చాను. వచ్చాక నాకు దిక్కు తప్పింది. తూర్పేదో పడమరేదో అర్థం కాలేదు. దూరంగా మీ నాన్న ఇంజన్ దీపం మసగ్గా తెలుస్తోంది. ఆ లైను మీద రెండు ఖాళీ వ్యాగన్లు నిలబెట్టి ఉన్నాయని నాకు తెలుసు. అవి ఇంజన్‌కి అవతల పక్క ఉన్నాయనుకున్నాను. నేను ఇటు నుంచి అటు మారిపోయానన్న లెక్క తప్పిపోయింది. లాంతరు అడ్డంగా ఊపాను, నా వైపు రమ్మని. వచ్చాడు. ఆ వ్యాగన్లు మా ఇద్దరి మధ్యే ఉన్నాయి. గుద్దుకుని రెండూ పట్టాలు దిగాయి. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

విచారణలో, నేను లాంతరు పైకీ కిందికీ ఊపానని చెప్పాను. దూరంగా పొమ్మంటే అతనే ఎదురొచ్చాడన్నాను. మీ నాన్న "అడ్డంగా ఊపేడు, అందుకే వచ్చేను" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నాది ఇరవై రెండేళ్ళ మచ్చలేని సర్వీసు. నన్ను నమ్మారు.

మంచులో దిక్కు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. లాంతరు ఎర్ర రంగుకి తిప్పి చూపించి, ఆగండి, నాకు తెలియడం లేదు అని ఒక్క అరుపు అరిస్తే సరిపోయేది. పక్కన నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ముందు నాకు తెలియదని ఎలా అనడం అనిపించింది. విచారణలో వాళ్ళు నా మాటకి ఎదురు చెప్పలేదు. అంత చిన్న నామోషీకి ఇదంతా జరిగింది. మీ నాన్న రెండు నెలల్లో యార్డు ఇంజన్ దిగి గూడ్సు బండి ఎక్కాల్సినవాడు. లైను మీదకి వెళ్ళాలని ఎంత ఆశపడ్డాడో నాకు తెలుసు, ఎందుకంటే రోజూ నాకే చెప్పేవాడు.

నేను అతని తరఫున వాదించానని మీ అమ్మ అనుకుంటోంది. నేనెప్పుడూ ఔననలేదు, కాదనలేదు. నీ డ్రోన్ చెరువులో పడిన ఉత్తరం చదివినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ కాగితం మీ నాన్నకి చూపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం అని రాయబోయాను. అదీ పిరికితనమే. చూపించు.

శంకరరావు


మోప్కా
22 జనవరి 2025

మావయ్యకి,

ఐదు వారాలు నీకు రాయలేదు. రాయాలనిపించలేదు. అమ్మ "మావయ్యకి ఉత్తరం రాసేవా?" అని అడిగినప్పుడల్లా పరీక్ష ఉంది అన్నాను. నీ ఉత్తరం నా పుస్తకాల కింద దాచాను. నాకు చాలా కోపం వచ్చింది. నెలకో ఉత్తరం రాయించుకుని నాకు తెలుగు నేర్పినవాడివి, జీడిపప్పు పంపేవాడివి, మా నాన్నకి ఇలా ఎలా చేశావు అని ఏడ్చాను కూడా. ఇప్పటికీ పోలేదు. కానీ నీకు రాయకపోతే నెల పూర్తయినట్టు లేదు, ఏం చేయను?

సంగతి ఇది. ఈ నెల ఆరో తేదీన నాన్నే అడిగాడు. "ఏటి, శంకరం బావ దగ్గర్నుంచి కాయితం రానేదా?" అని. అమ్మ బజారుకి వెళ్ళింది. నేను లోపలికి వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టాను. నిల్చునే చదివాడు. అయ్యాక మడత పెట్టి నాకే ఇచ్చేశాడు. "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. నేను ఇంకేదో అంటాడని చూస్తున్నాను. కళ్ళజోడు తుడుచుకుని "రేపు పొలంలోకి ఎన్ని గంటలకి ఎల్తన్నావు?" అని అడిగాడు. చెరువు దెబ్బకి నేను ఇప్పుడు ఊరవతల కోత అయిపోయిన పొలంలో ఎగరేస్తున్నాను.

ఆ మర్నాటి నుంచి రోజూ వస్తున్నాడు మావయ్యా! మంకీ టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని, డ్యూటీకి వెళ్ళినట్టు ఏడింటికల్లా తయారు.

మొదటి రోజు కాసేపు చూసి అన్నాడు, "కింద నిల్చుని బొమ్మలాట ఆడిస్తన్నావేటి? ఎక్కి కూకో." ఆకాశంలో ఉన్నదాని మీద ఎలా ఎక్కను నాన్నా అన్నాను. "కాళ్ళు ఎక్కవు, భుజాలు ఎక్కుతాయి. దాని మొహం ఎటుంటే నీ మొహం అటు పెట్టు" అన్నాడు. అంటే డ్రోన్ నా వైపు వస్తుంటే నేను దానికి వీపు తిప్పి, మెడ ఒక్కటే వెనక్కి తిప్పి చూడాలి. అప్పుడు దాని ఎడమే నా ఎడమ! దారిన పోయేవాళ్ళు, ఈ పిల్ల ఆకాశం మీద అలిగిందా అన్నట్టు చూస్తున్నారు.

రెండోది, పైకి చెప్పడం. ఇంజన్లో డ్రైవరూ, అసిస్టెంటూ కనబడిన ప్రతి సిగ్నలూ పైకి చెప్పుకోవాలట. ఒకరు అంటే రెండోవారు తిరిగి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదట. నేను "ముక్కు అవతలకి" అంటాను. నాన్న వెనక నుంచి "ముక్కు అవతలకి" అంటాడు. "ముక్కు కుడికి." "ముక్కు కుడికి." "ముక్కు నా మీదకి." "ముక్కు నీ మీదకి." మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఒక రోజు, ముక్కు ఎటుందో తెలియకుండానే ఏదో ఒకటి చెప్పేశాను. నాన్న తిరిగి అనలేదు. అడిగితే, "సూసి సెప్పింది కాదు, ఊహించి సెప్పింది. గొంతులో తెలిసిపోద్ది" అన్నాడు.

చుక్క అయిపోయినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పాడు. "తెలీనేదు అను. తరవాత రవ్వంత ముందుకి తోసి సూడు. సిన్నదైతే పోతంది, పెద్దదైతే వస్తంది. అది సెప్పినదాకా నువ్వేటీ సెప్పకు."

నీ గురించి మాత్రం ఒక్క మాట లేదు. మంచిగానూ లేదు, చెడ్డగానూ లేదు. నేనూ అడగలేదు. పరీక్ష ఫిబ్రవరి పదిహేడున, బిల్హా దాటాక ఒక మైదానంలో.

భాను


పలాస
30 జనవరి 2025

భానూ,

ఇంక నీ దగ్గర్నుంచి ఉత్తరం రాదనుకున్నాను. పోస్టుమాన్ ఇచ్చాక చింపడానికి సాయంత్రం దాకా పట్టింది.

మీ నాన్న పొలంలోకి వస్తున్నాడని చదివి మీ అత్తకి అంతా చెప్పేశాను. తను రెండు రోజులు అన్నం వండి మూతపెట్టి నన్నే పెట్టుకోమంది. మూడో రోజు అన్నం పెడుతూ "అంత మనిషికి అన్నేయం సేసేరు" అంది.

అతను ఏమీ అనకపోవడమే నాకు భయంగా ఉంది. తిట్టినా బాగుండేది. నువ్వు మాత్రం అడగకు.

పదిహేడో తేదీ నేను ఇంట్లోంచి కదలను. ఏం జరిగినా రాయి. తప్పినా రాయి.

మావయ్య


మోప్కా
18 ఫిబ్రవరి 2025

ప్రియమైన మావయ్యకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం ఓపిగ్గా చదువు, ఆఖరి పేజీకి ముందే వెళ్ళిపోకు.

నిన్న పొద్దున్నే నాన్న తన స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. అమ్మ పెరుగన్నం కట్టిచ్చి, "పడిపోతే పడిపోయింది, నువ్వు జాగర్త" అంది. అక్కడ తాడు కట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ళని దాని వెనకే నిల్చోమన్నారు. నా ముందు పదిమంది. నా వంతు వచ్చేసరికి పదకొండయింది, ఎండ, పైన గాలి.

ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం బాగానే అయింది. నేను వీపు తిప్పి నిల్చుంటే కుర్రాళ్ళు కొందరు నవ్వారు, నవ్వనీ. ఇంక మిగిలింది దూరంగా ఉన్న జెండా దాకా తీసుకెళ్ళి, అక్కడ తిప్పి, వెనక్కి తేవడం. జెండా మీదకి చేరి తిప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే ఒక గద్ద అడ్డంగా పోయింది. ఒక్క క్షణం కళ్ళు దానితో వెళ్ళాయి. మళ్ళీ చూస్తే చుక్క. ఎంత తిరిగిందో, ఎటు ఆగిందో ఏమీ తెలియదు. గాలి దాన్ని పక్కకి లాగుతోంది. పోయినసారి కూడా సరిగ్గా ఇక్కడే మావయ్యా, ఇలాగే. చేతులు ఏదో ఒకవైపు తోసేయమని ఒకటే తొందర. ఒక వైపు తోస్తే సగం అవకాశం ఉంది కదా, ఎవరికీ తెలియదు కదా అనిపించింది కూడా.

"ముక్కు తెలియడం లేదు!" అని అరిచాను. తాడు వెనక నుంచి నాన్న అంతకంటే గట్టిగా "ముక్కు తెలియడం లేదు!" అని అరిచాడు.

మైదానం అంతా మా వైపు తిరిగింది. పరీక్ష పెట్టే ఆయన "క్యా హువా?" అంటూ, ఏమైందని దగ్గరికి వచ్చాడు. సర్, నోజ్ కిధర్ హై, పతా నహీ చల్ రహా అని, ముక్కు ఎటుందో తెలియడం లేదని ఆయనకీ చెప్పాను. రిమోట్ కోసం చెయ్యి చాపాడు. ఏక్ మినట్ సర్ అని, రవ్వంత ముందుకి తోశాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. చుక్క చిన్నదైంది. "పోతోంది!" అన్నాను. "పోతోంది!" అన్నాడు నాన్న. అంటే ముక్కు అవతలకే ఉంది. గాలికి ఎదురు పట్టి నిలబెట్టి, మెల్లగా పూర్తిగా తిప్పి, వీపు తిప్పుకుని, "ముక్కు నా మీదకి" అనుకుంటూ తీసుకొచ్చాను.

పరీక్ష పెట్టిన ఆయన కాగితం మీద రాస్తూ హిందీలో అన్నాడు, "పొద్దుట్నుంచి వచ్చినవాళ్ళలో సగం మందికి అక్కడ తెలియలేదు. నేను వాళ్ళ చేతులు చూస్తూనే ఉన్నాను. చెప్పింది నువ్వొక్కదానివే." సంతకం పెట్టి ఇచ్చాడు. పాసయ్యాను! వెనక నిల్చున్నాయన ఎవరని అడిగాడు. మా నాన్న, ఇంజన్ డ్రైవరు అని చెప్పాను. డ్రైవరుగా చేసేవాడు అని అనలేదు.

వచ్చేటప్పుడు దారిలో నాన్న టీ బడ్డీ దగ్గర స్కూటర్ ఆపి, "మావయ్యకి రాస్తావు కదా, ఆకర్న నాకు కాస్త సోటుంచు" అన్నాడు. ఉంచాను. ఏం రాస్తాడో నాకు తెలియదు, నేను చదవను. నాకు మాత్రం నీ మీద కోపం తగ్గింది. ఆ ఉత్తరం నువ్వు రాయకపోతే నిన్న నేను ఏదో ఒకవైపు తోసేసేదాన్ని.

నీ భాను


బావా,

పిల్ల పాసయింది. తను రాసినదంతా నిజమే, నేను అంత గట్టిగా అరవలేదు తప్ప.

ఆ రోజు నువ్వు లాంతరు అడ్డంగా ఊపావని నాకు తెలుసు, నా కళ్ళతో చూశాను. నాకు తెలియనిది ఒకటే. ఆ సంగతి నీకు తెలుసా, లేక పైకీ కిందికీ ఊపానని నువ్వు నిజంగానే నమ్ముతున్నావా అని. మంచులో మనిషికి ఏమైనా అనిపిస్తుంది. నమ్మి చెప్పినవాడి మీద కోపం పెట్టుకుంటే పాపం కదా. అందుకని ఈ ఇరవై ఏళ్ళూ పెట్టుకోకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. ఇంట్లో ఇంజన్ మాట వస్తే ఆ కష్టం ఎక్కువయ్యేది, అందుకే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

నీకు తెలుసని ఇప్పుడు తెలిసింది. చాలా కోపం వచ్చింది. నెల పైన అయింది, ఇంకా అలాగే ఉంది. రోజూ పొద్దున్న పొలంలో పిల్ల వెనక నిల్చుని లోపల లోపల నిన్ను తిడుతూనే ఉన్నాను. దానివల్ల ఒంటికి మంచే జరిగింది, అన్నం రుచిగా ఉంటోంది.

నీ చెల్లెలు కనకానికి నేను చెప్పలేదు, పిల్లనీ చెప్పనివ్వలేదు. ఆమెకి ఉన్న అన్నవి నువ్వొక్కడివే. అది నువ్వే వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలి. ఏడుస్తుంది, కంచం విసిరినా విసురుతుంది. నేను పక్కనే ఉంటాను.

రిజర్వేషన్ దొరకలేదని, మోకాళ్ళని సాకులు చెప్పకు. కోపం ఉండగానే రా. చల్లారాక వస్తే మనిద్దరం టీ తాగి, ఎండల గురించి మాట్లాడుకుని, మళ్ళీ ఊరుకుంటాం.

రాంప్రసాద్